రెండో తుమ్ము

ఎలైజా ట్రాస్క్ ఉత్తరాలు కాలిపోయాయి. జయంతి ఇరవై నిమిషాలు ముందు బయలుదేరి ఉంటే కాలేవి కావు.

నూటయాభై ఏళ్ళ కిందట ఇల్లినాయ్‌లో, మొక్కజొన్న చేల మధ్య ఊళ్ళో, మనిషెత్తు గడియారాలు చేసిన ట్రాస్క్ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పుస్తకమేదో తనే రాద్దామని జయంతి పూనుకుంది. రాజమండ్రి కాలేజీలో చరిత్ర చెప్పిన మనిషి. అమెరికా వచ్చి నేపర్‌విల్‌లో ఇల్లు సర్దుకుంటూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. 1981 నుంచి ప్రతి శనివారం గంటన్నర డ్రైవ్ చేసి ఆ ఊళ్ళో ఎడ్నా ఇంటికి వెళ్ళేది. ట్రాస్క్ గడియారాల్లో మిగిలింది ఆ ముసలావిడ హాల్లో ఉన్నదొక్కటే. ఎడ్నాకి చేతులు వణుకుతాయి కనక జయంతే దానికి కీ ఇచ్చేది, ఆవిడ చెప్పింది రాసుకునేది.

గడియారం అప్పుడప్పుడు తుమ్మేది. ట్రాస్క్ చేసినవన్నీ తుమ్మేవట. అందుకే ఎక్కువ అమ్ముడుపోలేదు. ఎడ్నా "బ్లెస్ యూ" అనేది, జయంతి "చిరంజీవ" అనేది. తను బయలుదేరేటప్పుడు తుమ్మితే మాత్రం జయంతి కూర్చుని, మంచినీళ్ళు తాగి, రెండో తుమ్ము వినబడ్డాకే లేచేది.

"అమెరికా గడియారానికి నీ శకునాలు నేర్పుతున్నావా?" అని మొగుడు కృష్ణమోహన్ వెక్కిరించేవాడు.

"మీకంటే నయం. చెబితే వింటుంది."

రెండేళ్ళు గడిచాయి. అక్టోబర్‌లో ఒక శనివారం ఎడ్నా ఫోన్ పెట్టేసి, "పరిగెత్తు," అంది. "వెర్న్ అటక ఖాళీ చేస్తున్నాడు. ట్రాస్క్ ఉత్తరాల కట్ట దొరికిందట. వెంటనే రాకపోతే చెత్తతో పాటు మంటలో వేస్తానంటున్నాడు."

వెర్న్ ఆవిడ మేనల్లుడు. నాలుగు వీధుల అవతలే ఇల్లు.

జయంతి కారు తాళాలు తీసుకుంది. గడియారం తుమ్మింది. ఒక్కటే.

కూర్చుంది. నీళ్ళు తాగింది. వెర్న్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోది రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

వెళ్ళేసరికి వెర్న్ పెరట్లో బూడిద గెలుకుతున్నాడు. "చాలాసేపు చూశాను మేడమ్," అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ. "ఇంకో మాట. సోమవారం ఆంట్ ఎడ్నాని వృద్ధాశ్రమంలో చేర్పిస్తున్నా. గడియారాన్ని పాతసామాన్ల డీలర్ పట్టుకెళ్తాడు."

"ఆవిడకి ఇష్టమేనా?"

"సంతకం పెట్టింది కదా."

జయంతి చుట్టం కాదు, పక్కింటి మనిషీ కాదు. సోమవారం వెళ్ళి ఎడ్నా స్వెటర్లు మడతపెట్టింది. అంతకు మించి చేయగలిగిందేమీ లేదు.

వెర్న్ ఎడ్నా బట్టల పెట్టె ఎత్తాడు. గడియారం తుమ్మింది. కోటు తొడుక్కుంటున్న ఎడ్నా కుర్చీలో కూలబడింది.

"కాసిని నీళ్ళియ్యి, హనీ," అంది జయంతితో. " రెండోది రావాలి."

"ఇదెప్పటి రూలు?" అన్నాడు వెర్న్.

"జయంతి వాళ్ళది. రెండోది వినకుండా గడప దాటకూడదు. గడియారమూ అంతే."

గడియారం కోసం వచ్చిన డీలర్ కాసేపు ఆగి వెళ్ళిపోయాడు. వెర్న్ సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, "వస్తే ఫోన్ చేయండి," అని లేచాడు.

వచ్చింది. ఆ శనివారం జయంతి కీ ఇస్తుండగా, గొంతు సవరించుకున్నంత చిన్నగా. ఆ తర్వాత అది మళ్ళీ తుమ్మలేదు.

"ఏమన్నా వినబడిందా?" వంటింట్లోంచి ఎడ్నా కేకేసింది.

"ఏం లేదు," అంది జయంతి. ఎవరికీ చెప్పకూడదనుకుంది. ఎడ్నా ఆ ఇంట్లోనే, తన మంచం మీదే పోయేదాకా, ఆరేళ్ళు, చెప్పలేదు.