ఇరవై బక్క నక్షత్రాలు

చల్లటి చిన్న నక్షత్రాల్లో హీలియం ఉంటుంది కానీ, కంటికి కనబడి చావదు. అందుకే దర్జీగారమ్మాయి వాటి వెలుగునీ, లోహాల పాళ్లనీ తన కంప్యూటర్ నమూనాతో పోల్చి, హీలియం ఎంతుందో లెక్క కడుతోంది. దగ్గర్లోని అరవై నక్షత్రాల్లో, లోహాలు తక్కువున్న ఇరవైకి లెక్క అడ్డం తిరిగింది. విశ్వం పుట్టినప్పుడున్నంత హీలియం కూడా వాటిలో లేదట, ఏ నక్షత్రంలోనూ అంతకన్నా తగ్గడానికి వీల్లేదు మరి!

"లోహాలు ఎలాగూ అంతంతమాత్రం. పుట్టుకతో వచ్చిన హీలియం కూడా ఎక్కడ పారబోసుకున్నాయి నాన్నా, ఈ బక్కప్రాణులు?" అంటూ టీ కప్పు ఠక్కున పెట్టింది.

కుట్టుమిషన్ ముందున్న నాన్న పెదాల మధ్యనున్న గుండుసూది తీశాడు.

"ఒకడికి చొక్కా కుదరకపోతే వాడి ఒళ్లు తప్పనుకోవచ్చమ్మా. ఇరవై మందికి కుదరకపోతే నా కత్తెరదే తప్పు."

"నా నమూనాకేం? సరిచూసే పెట్టాను. పిసరంత తేడా లేదు."

"ఎవరి ఒంటిమీద సరిచూశావు?"

"సూర్యుడి మీద."

"ఆయనొక్కడి మీదేనా?"

అమ్మాయి అవునన్నట్టు తలూపింది.

"బాగుంది. ఇరవై బక్కప్రాణులకి ఆయన చొక్కా తొడిగి, పైగా వాటినే తిడుతున్నావు!"