వంతెన దగ్గర బేరం

దేశాలు కొట్టుకోకుండా ఆపే పని చెయ్యాలని ఆ అమ్మాయి పట్టు. ఇంట్లో ప్రతి తగువులోనూ తలదూర్చేది కాబట్టి ఆమెకు వకీలమ్మ అని పేరు పడింది. అంతర్జాతీయ భద్రత చదవడానికి రెండు విశ్వవిద్యాలయాలు సీటిచ్చాయి. పెద్దదానిలో యుద్ధ వ్యూహాలు నేర్పుతారు. చిన్నదానిలో ఆయుధాల ఒప్పందాలు, వాటి తనిఖీ.

"పదిమందిలో చెప్పుకోవాలంటే పేరుండాలే," అన్నాడు మేనమామ. ఆయన పాత కార్ల వ్యాపారి. రెండూ చూసి వద్దామని తన బండిలోనే తీసుకొచ్చాడు.

పొద్దున పెద్దదానిలో మెత్తటి కుర్చీలు, తెర మీద యుద్ధనౌకలు. మామయ్య మురిసిపోయాడు. వకీలమ్మ అడుగుదామనుకున్న ప్రశ్నలు మాత్రం గొంతులోనే ఉండిపోయాయి. అడిగే వీలే చిక్కలేదు.

మధ్యాహ్నం చిన్నదానికి వెళ్ళారు. మెట్ల కింద కిటికీ లేని గది, పొడవాటి బల్ల. ఒకప్పుడు ఆయుధాల తనిఖీ అధికారిగా తిరిగిన ప్రొఫెసరమ్మ అక్కడ పాఠం చెప్పలేదు. వచ్చినవాళ్ళను రెండు దేశాలుగా విడగొట్టింది. మధ్యలో నది ఉందనుకోమంది, దాని మీద ఒకే ఒక్క వంతెన. యుద్ధం ఆగింది గాని వంతెన మూసే ఉంది. దాన్ని తెరిపించాలి.

"మీరూ కూర్చోండి," అంది మామయ్యతో. "అవతలి దేశం రాయబారి మీరే."

ఇవతలి రాయబారి వకీలమ్మ. శాంతి గురించి, ప్రజల కష్టాల గురించి ధారాళంగా మాట్లాడింది. మామయ్య చేతులు కట్టుకుని విన్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. వంతెన తెరవం."

"అదేంటి మామయ్యా?"

"ఇక్కడ మామయ్యెవరు? రాయబారిని."

గదంతా నవ్వింది. ఆమెకు ఒళ్ళు మండింది. మళ్ళీ వాదించింది, గణాంకాలు చెప్పింది, బతిమాలింది. ఆయన ఉడుంపట్టు వదల్లేదు. ఆయన మొహంలోకి చూస్తే, ఇంతసేపూ తానొక్కతే మాట్లాడానని తట్టింది.

"తెరిస్తే మీకు భయం దేనికి?"

మామయ్య వెంటనే చెప్పాడు: "కూరగాయల లారీలంటారు. అడుగున తుపాకులుంటే నాకెలా తెలుస్తుంది?"

"మీ మనుషులే మా గట్టుకు వచ్చి లారీలు విప్పి చూసుకుంటే?"

"చెప్పాపెట్టకుండా వస్తాం."

"రండి. మేమూ మీ గట్టుకు అలాగే వస్తాం."

మామయ్య గడ్డం గోక్కున్నాడు. పక్కవాళ్ళతో గుసగుసలాడి, చెయ్యి చాపాడు.

ప్రొఫెసరమ్మ బల్ల మీదికి వంగింది. "ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి, చూడనివ్వకపోతే ఏం చెయ్యాలి? మేం నేర్పేది ఇదే. రెండో ఏడు నిజమైన తనిఖీ బృందాల వెంట పంపిస్తాం."

వకీలమ్మ గొంతులో ఉండిపోయిన ప్రశ్నలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గది ఖాళీ అయ్యేదాకా ఆమె అడుగుతూనే ఉంది, ప్రొఫెసరమ్మ చెబుతూనే ఉంది.

బయటికి రాగానే ఆఫీసు వైపు దాదాపు పరిగెత్తింది. కిటికీలో గుమాస్తా, "గడువు ఇంకా ఉందమ్మా, నిదానంగా ఆలోచించుకోండి," అన్నాడు.

"ఆలోచించానండీ. సంతకం ఎక్కడ?"

మామయ్య అడ్డు చెప్పలేదు. "తుపాకులు ఇంజన్లో కూడా దాచొచ్చు. అది అడగడం మర్చిపోయాను," అని గొణుక్కుంటూ బండి తాళాలు తీశాడు.

ఆమె అప్పటికే అమ్మకు ఫోన్ చేసింది. మాట మీద మాట దొర్లిపోతోంది.

"ఊపిరి తీసుకుని చెప్పవే," అంది అమ్మ.

"చేరిపోయానమ్మా," అని, కథంతా నది దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టింది.