అపెండిక్స్ అని చెప్పారు

సూర్యప్రకాష్‌కి చేసింది పెద్దపేగు ఆపరేషన్. ఇల్లు చేరేలోపే వాళ్లమ్మ పేరమ్మ దాన్ని అపెండిక్స్ చేసేసింది. వన్ టౌన్‌లో వాళ్ల సందు మొత్తానికీ అదే చెప్పింది. అపెండిక్స్ మర్యాదైన జబ్బు మరి. దాని గురించి ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

అసలు జబ్బుకి ఆ మర్యాద లేదు. చిన్నప్పటినుంచీ అతనికి వారానికోసారి విరేచనమైతే అదే పండగ. హార్డ్‌వేర్ షాపులో బిల్లులు కొడుతుంటే తోటివాళ్లు పొట్ట చూసి "ఎన్నో నెల?" అని ఏడిపించేవారు. సిగ్గుతో చచ్చిపోతూనే తనూ నవ్వేవాడు. చివరికి పొట్ట బిగిసి, వాంతులు పట్టుకుంటే ఆస్పత్రికి తీసుకెళ్లారు.

స్కానింగ్ చేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాక సర్జన్ మేడమ్ విడమరిచి చెప్పింది. పెద్దపేగు చివర కొంతమేర నరాలు పుట్టుకతోనే లేవు. అక్కడ పేగు కదలదు, మలం వెనకే ఆగిపోతుంది. మామూలుగా పసితనంలోనే బయటపడుతుంది, కొందరికి ఇలా పెద్దయ్యాక తెలుస్తుంది. ముందు పొట్ట మీద దారి చేసి సంచీ తగిలిస్తారు. కొన్ని నెలలాగి చెడిన భాగం తీసి, పేగు కలిపి, సంచీ తీసేస్తారు.

మొదటి ఆపరేషన్ అయిన మర్నాడు ఆవిడే అడిగింది. "ఇది రక్తసంబంధంలో రావచ్చు. మీ ఇంట్లో పసిపిల్లలెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ," అంది పేరమ్మ.

కొండపల్లిలో అక్క నాగమల్లేశ్వరికి నెలల పిల్లాడున్నాడు. చెబితే అత్తింటివాళ్లు కోడలి రక్తం మంచిది కాదంటారని పేరమ్మ భయం. సూర్యప్రకాష్ నోరు మూసుకున్నది మాత్రం అక్క కాపురం కోసం కాదు. తన సంచీ గురించి నలుగురికీ తెలుస్తుందని.

ఇంటికొచ్చిన వారానికి అక్క, ఆమె అత్తగారు అమలమ్మ బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చారు. అతను వదులు చొక్కా మీద దుప్పటి కూడా కప్పుకుని కూర్చున్నాడు.

"మా తమ్ముడిక్కూడా అపెండిక్స్ చేశారు బాబూ. ఇట్టే లేచి తిరిగాడు," అంది అమలమ్మ.

"అంతేనండీ వదినగారూ, చిన్నదే," అంది పేరమ్మ.

చాప మీద పిల్లాడు ఏడుస్తున్నాడు. పొట్ట డప్పులా బిగిసి ఉంది.

"పాలు కక్కేస్తున్నాడమ్మా. దొడ్డికి రావట్లేదు," అంది నాగమల్లేశ్వరి.

పేరమ్మ వంటింట్లోకి వెళ్లి, తమలపాకు కాడ ఆముదంలో ముంచి తెచ్చింది. పిల్లాడి కాళ్లు ఒడుపుగా పైకి పట్టుకుంది. ఆ పని ఆమె చేతికి ఎంత అలవాటో చూసి, తనకూ ఇలాగే చేసేదని సూర్యప్రకాష్‌కి తెలిసిపోయింది.

"అమ్మా, ఆగు. అక్కా, నాది అపెండిక్స్ కాదు."

దుప్పటి తీసి చొక్కా ఎత్తాడు. సంచీ సగం నిండి ఉంది. అమలమ్మ కళ్లు దాని మీదే ఆగాయి. అయినా చొక్కా దించకుండానే మేడమ్ చెప్పిందంతా చెప్పాడు. "వీణ్ణి ఇవాళే చూపించక్కా."

రక్తం మాట ఎవరూ ఎత్తలేదు. అమలమ్మ పిల్లాణ్ణి టవల్లో చుట్టి కోడలికందించింది.

"నేను ఆటో పిలుస్తా, నువ్వు వాణ్ణి పట్టుకురా," అంటూ బయటికి నడిచింది.

పేరమ్మ గోడవారగా కూలబడింది. నాగమల్లేశ్వరి గడప దగ్గర ఆగింది.

"డాక్టరమ్మ నీకెప్పుడు చెప్పింది?"

"ఆపరేషన్ మర్నాడు."

"రోజూ ఫోన్ చేశాను కదరా, నీకెలా ఉందని," అంది. "నేను మాట్లాడుతుంటే వెనక నీకు వినపడింది వీడి ఏడుపే."