తోడు ఎవరుంటారు?

పొద్దున్నే వాకిలి ఊడ్చి, పాలు కాచి, స్టీలు గ్లాసులో మా ఆయనకు మందు పోయడం నా పని. కాఫీ కాదు, బ్రాందీ. అది గొంతు దిగితేగాని శివకృష్ణ చేతుల వణుకు ఆగదు, వణుకు ఆగితేగాని మగ్గం గుంటలోకి దిగడు. ధర్మవరం పట్టుచీర నేసే చెయ్యి వణికితే పోగులు తెగుతాయి. సీసా తెచ్చిపెట్టేది మా అత్త తిప్పమ్మ, నోటికి అందించేది నేను. "పెండ్లాం చేత్తో ఇస్తే ఒక్క గ్లాసుతో నిలిపేస్తాడు" అని ఆమె సిద్ధాంతం. ఆ తర్వాత మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టడం, వంట, ఆయన అలిగితే బతిమాలడం, కక్కితే కడగడం. వీటికి కూలి అడిగితే నవ్వుతారు.

పోయిన ఉగాదికి మొండికేసి సీసా దాచేశాను, గ్లాసు ఇవ్వలేదు. మందు ఆపితే మాన్పించినట్టేనని నా తెలివి. మర్నాడు పంతానికి వణుకుతూనే గుంటలోకి దిగాడు, మగ్గం మీదే ఆయనకు ఫిట్స్ వచ్చాయి. నాలుక కరుచుకున్నాడు, నేస్తున్న చీర మీద రక్తం. "నా కొడుకును సంపుతాండావే!" అని అత్త వీధంతా వినేలా అరిచింది. ఆ సాయంత్రమే మళ్ళీ పోశాను. పోస్తే మెల్లగా చస్తాడు, పోయకపోతే ఇప్పుడే చస్తాడు. ఎటు చూసినా చంపే చెయ్యి నాదే. ఆ భయంతో రాత్రిళ్ళు ఆయన ఊపిరి వింటూ పడుకునేదాన్ని.

ఈ నెల మున్సిపాలిటీ వాళ్ళు మా వీధి బడిలో తాగుడు మాన్పించే శిబిరం పెట్టారు. ముగ్గురం పోయాం. ఇంట్లో మందు ఎవరు పోస్తారని నర్సు అడిగితే నేనేనని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వే పోస్తే ఎట్లమ్మా? నువ్వు ప్రేమగా ఉంటే ఆయప్పే మానేస్తాడు."

ఆ సీసాలతో తనకేం సంబంధం లేనట్టు అత్త తల ఊపింది. నాకు ఒళ్ళు మండింది. ఇంకెంత ప్రేమ కావాలో ఆ నర్సమ్మనే మా ఇంటికొచ్చి చూపించమనాలనిపించింది.

డాక్టరు మాత్రం నన్ను తిట్టలేదు. "లివరు చెడిపోయింది. ఇట్లే తాగితే బతకడు. ఇంట్లో ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. హిందూపురం ఆసుపత్రిలో పెట్టి, ఫిట్స్ రాకుండా చూసుకుంటూ మాన్పిస్తాం. వ్యాను ఇప్పుడే పోతుంది" అన్నాడు.

"పోదామా యమునా?" అన్నాడు శివకృష్ణ. పెళ్ళయిన కొత్తలో విన్న గొంతు. జాలేసింది.

"తోడు ఎవరుంటారు?" అని నర్సు అడిగింది. అడగడం మాటవరసకే, కళ్ళన్నీ నా మీదే ఉన్నాయి.

"మా అత్త ఉంటాది" అన్నాను.

"పెండ్లానివి నువ్వుండంగా నేనేంటికే?" అంది అత్త.

"చిన్నప్పుడు సాకింది నువ్వే కదత్తా. ఇంగోసారి సాకు. నాకు చాతకాదు."

"మొగుడు ఆసుపత్రిలో ఉంటే నువ్వు ఇంట్లో కూచుంటావా?"

"పండుకుంటా. నేను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసునా?"

ఇదేం ఆడదన్నట్టు చూసింది నర్సు. చూడనీ. అత్త శాపనార్థాలు పెడుతూ వ్యాను ఎక్కింది. ఆయన కిటికీలోంచి చెయ్యి చాపాడు. పట్టుకున్నాను, వ్యాను కదలగానే వదిలేశాను.

ఆయన బతకాలనే నాకుంది. నా చేతుల మీదుగానే బతకాలని మాత్రం లేదు.