కడవలో నీళ్లు

వేదవ్యాస చదవడం మొదలుపెడితే ప్రొద్దుటూరులో ఆ వీధి వీధంతా వినాల్సిందే. తండ్రి గురునాథం గుడి పూజారి. కొడుకు కాలేజీలో పీయూసీ చదువుతున్నా సరే, వేదం నేర్చినట్టే నేర్వాలన్నాడు. ఒకరు ఒక ముక్క చెప్పాలి, వ్యాస దాన్ని రెండుసార్లు అనాలి. దీన్నే సంత చెప్పడమంటారు. ఫిజిక్సు పుస్తకానికి సంత! వినడానికే విడ్డూరం. అయినా గురునాథంతో వాదించే మొనగాడెవడు?

సంత చెప్పేది చెల్లెలు వేదవతి. ఎనిమిదో తరగతిలోనే బడి మానిపించినా, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు. ఒక పొద్దున ఆవిరి పాఠం చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"అన్నా, మన కడవలో నీళ్లు శానా సల్లగుంటాయి గదా, యాల?"

అతనికి తెలీదు. తెలీదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"సంతలో అర్థాలు అడక్కూడదని తెల్దా? బడి మానినదానివి, నీకెందుకు ఇయ్యన్నీ? సదువు!" అని కసిరాడు. ఆ పిల్ల తల దించుకుని మళ్లీ చదివింది.

వారం తిరక్కుండానే కాలేజీలో లెక్చరరు వ్యాసను లేపాడు.

"కుండలో నీళ్లు ఎందుకు సల్లబడతాయప్పా?"

వ్యాస గొంతు సవరించుకున్నాడు. "హీట్ ఈజ్ ఎ ఫామ్ ఆఫ్ ఎనర్జీ..."

"అది కాదు. కుండ సంగతి చెప్పు."

మధ్యలో అందుకోవడం చేతనైతే గదా! మళ్లీ మొదటినుంచి "హీట్ ఈజ్..." అన్నాడు. క్లాసు ఘొల్లుమంది.

లెక్చరరు నవ్వలేదు. "సోమవారం మళ్లా అడుగుతా. నీ సొంత మాటల్లో చెప్పాల. లేదంటే పబ్లిక్ పరీక్షకు పంపియ్యను," అన్నాడు.

పరీక్ష పోతే జమ్మలమడుగులో మేనమామ గుడిలో గంట కొట్టుకోవడమే. ఆ మాట తండ్రి ఎప్పుడో చెప్పి పెట్టాడు.

చెవులు మండుతుంటే వ్యాస ఇంటిదారి పట్టాడు. నవ్వినవాళ్ల మీద కోపం రాలేదు గానీ, దారి పొడుగునా చెల్లెలు దించుకున్న తలే కళ్లముందు మెదిలింది. అదే ప్రశ్న! అడిగితే నోరు మూయించాడు గదా! ఛీ, తనదీ ఒక చదువేనా అని సిగ్గుతో కుంగిపోయాడు.

అరుగు మీద వేదవతి ఎప్పట్లాగే పుస్తకం పట్టుకుని కూర్చుంది. వ్యాస దాన్ని మూసేశాడు.

"ఆ పొద్దు కడవ గురించి అడిగినావే, మళ్లా అడుగు."

"వద్దులేన్నా, అరుస్తావు."

ఆ మాటకు అతని ప్రాణం చివుక్కుమంది. "అరవనమ్మా. అడుగు."

అడిగింది. అంతలో లోపల్నించి గురునాథం కేకేశాడు. "ఏందిరా, సంత ఇనపళ్లేదు?"

"చెల్లెలు అడిగినదానికి జవాబు నాకు రాలేదు నాయనా!" వ్యాస వీధంతా వినేటట్టే చెప్పాడు. "ముందు అడిగినప్పుడూ రాలేదు. తెలీదని చెప్పలేక దాన్నే కసిరినా. ఇయ్యాల కాలేజీలోనూ అదే అడిగినారు, రాలేదు. సోమవారం మళ్లా అడుగుతారంట."

వేదవతి మెల్లగా పుస్తకం తెరిచి పేజీ మీద వేలు పెట్టింది.

"ఈడుందేమో చూడన్నా. సోమవారానికి నేర్సుకుందాంలే."

ఆమె అంత మెత్తగా అనేసరికి వ్యాస తలెత్తలేకపోయాడు.