నాలుగు వరుసల మేళం

నేను ఒక పాటలు కట్టే ప్రోగ్రామును. అరచేతిలో పట్టే నల్ల ఫ్లాపీలో ఉంటాను. నాకు సంగీతం రాదు. తెర మీద నాలుగు నిలువు వరుసలుంటాయి. గడిలో ఏ అంకె వేస్తే ఆ స్వరం పలికిస్తాను. ఒక్క స్వరం రికార్డు చేసి ఇస్తే చాలు, దాన్నే సాగదీసీ కుదించీ తక్కినవన్నీ పుట్టిస్తాను. నా గొప్పంతా అదే.

ఎక్కడో చలిదేశంలో పుట్టి, కువైట్ మీదుగా ఒక ఇంటి కంప్యూటరుతోపాటు నరసరావుపేట చేరాను. తెచ్చినాయన మేనకోడలు జైబున్‌కు ఇచ్చాడు. ఆమె తండ్రి మౌలాలి సాహెబ్ సన్నాయి విద్వాంసుడు. నా వరుసలు చూడగానే ఆమె సన్నాయి, డోలు, శ్రుతి, తాళం అని పేర్లు పెట్టేసింది. నన్ను చేసినవాళ్లు సన్నాయి మేళాన్ని కంటితో చూసి ఎరగరు. అయినా లెక్క కుదిరింది.

అప్పటికే సాహెబ్ ముందుపళ్లు కదులుతున్నాయి. సోమవారం పీకేస్తామని డాక్టరు చెప్పాడు. పళ్లు పోతే ఇక సన్నాయి ఊదలేడు. ఆదివారం పొద్దున జైబున్ ఆయన ముందు మైకు పెట్టింది.

“ఏ రాగం వాయించమంటావే?”

“ఒక్క స్వరం చాలు నాన్నా. దీన్లో రెండు సెకన్లే పట్టుద్ది.”

“నలభై ఏళ్ల సాధకం రెండు సెకన్లా?”

అలిగాడు. అలిగే వాయించాడు. తిరిగి వింటే స్వరానికి ముందు ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు కూడా పడింది. సాహెబ్ ముఖం చిన్నబోయింది. ఊపిరి బయటికి వినపడితే సన్నాయి వాయించేవాళ్లలో నామోషీ. మళ్లీ వాయించబోతే చిగుళ్లలో రక్తం వచ్చింది.

“ఆ గాలి తీసెయ్యమ్మా. వింటే నలుగురూ నవ్వుతారు.”

“తీసేస్తాలే నాన్నా.”

నాలో అది రెండు మీటల పని. ఆమె తీయలేదు. అందువల్ల ఆమె కట్టిన ప్రతి పాటలోనూ, స్వరస్వరానికీ సాహెబ్ ఊపిరి పీల్చేవాడు. నిజంగా అలా వాయిస్తే ఏ మనిషైనా సొమ్మసిల్లి పడిపోతాడు. పక్కగదిలో బోసినోటితో కూచుని ఆయన విసుక్కునేవాడు.

సాహెబ్ పోయాడు. తర్వాత కంప్యూటరూ పోయింది. ముప్పై ఏళ్లు నేను బీరువాలో ఆయన సన్నాయి పక్కనే పడి ఉన్నాను. పోయినేడు జైబున్ మమ్మల్నిద్దరినీ ఒక మ్యూజియానికి ఇచ్చింది. అక్కడి అధికారి నాలోంచి ఆ రెండు సెకన్లూ పైకి తీశాడు.

“ముందు కొంచెం గాలి చప్పుడుందండీ. శుభ్రం చేసేయమంటారా?”

“వద్దండీ. నాన్న ఉన్నది అందులోనే. ఆ తర్వాతదంతా సన్నాయి.”

ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉన్నాను. బయట ఒక మీట పెట్టారు. నొక్కితే నాదం వినపడుతుంది. చూడవచ్చినవాళ్లు స్వరం కోసం నొక్కుతారు. జైబున్ వచ్చినప్పుడు మాత్రం ఊపిరి పీల్చేదాకా విని, స్వరం మొదలయ్యేలోపే ఆపేసి, మళ్లీ నొక్కుతుంది.