ఎనిమిదితో గుణిస్తే

బీఈడీ చేసినా చంద్రిక గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తోంది. ఆ మధ్య సంగారెడ్డిలో ఒక స్కూలుకు డెమో క్లాసు చెప్పడానికి వెళ్లింది. పాఠం మధ్యలో ఎవరో పిల్లవాడు ఏదో అడిగితే జవాబు తోచక, చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు పటాన్‌చెరులో ఇంకో స్కూలు పిలిచింది.

ఏడో తరగతి. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ సావిత్రమ్మ కూర్చున్నారు. చంద్రిక బోర్డు మీద 142857 అని రాసింది.

"దీన్ని రెండుతోని గుణించుండ్రి."

285714 వచ్చింది. మూడుతో గుణిస్తే 428571. నాలుగుతో చేసేసరికి ముందు బెంచీ పిల్లలు పసిగట్టారు. అవే ఆరు అంకెలు, అదే వరుసలో గుండ్రంగా తిరుగుతున్నాయి. మొదలయ్యే చోటు ఒక్కటే మారుతోంది. ఐదుతోనూ, ఆరుతోనూ అంతే. ఏడుతో గుణిస్తే మాత్రం అన్నీ తొమ్మిదులే, 999999. పిల్లలు గోలగోల చేశారు. చంద్రిక తయారు చేసుకొచ్చిన పాఠం అక్కడితో అయిపోయింది.

కిటికీ పక్కనున్న దీప్తి అనే అమ్మాయి చెయ్యెత్తింది. "ఎనిమిదితోని చేస్తే, టీచర్?"

చంద్రిక ఎన్నడూ చేసి చూడలేదు. సంగారెడ్డి క్లాసు కళ్ల ముందు తిరిగింది.

"నాకు తెల్వదు" అంది. ఆ మాట అనేశాక కాస్త ఊపిరాడింది. "ఇటు రా, ఇద్దరం చేసి చూద్దాం."

1142856 వచ్చింది.

"ఏడంకెలైనయి. ఆఖర్ల ఆరొచ్చింది. ఖరాబైంది టీచర్" అంది దీప్తి నిరాశగా.

చంద్రిక బోర్డు వైపే చూసింది. చివర ఏడు ఉండాల్సిన చోట ఆరుంది, ఒకటి తక్కువ. ముందు వైపు ఒకటి ఎక్కువ. ఆ ఒకటిని చెరిపేసి, మిగిలిన 142856కు కలిపింది.

142857.

దీప్తి ఎవరూ చెప్పకుండానే తొమ్మిదితో గుణించింది. 1285713. ముందున్న ఒకటి తీసి మిగతాదానికి కలిపితే 285714.

"గిది రెండుతోని చేసినప్పుడు వచ్చిందే గదా" అంది.

"ఒకటిని ఏడుతోని భాగించి సూడుండ్రి. పాయింటు తర్వాత ఇవే అంకెలు మళ్ల మళ్ల వస్తయి. అసలు ముచ్చట అండ్లనే ఉంది" అని చంద్రిక చెబుతుండగానే గంట కొట్టారు.

వరండాలో సావిత్రమ్మ అడిగారు. "ఎనిమిది సంగతి నిజంగనే తెల్వదా?"

"తెల్వదు మేడం."

"మంచిగనే నిలబడ్డవ్. సోమవారం నుంచి రామ్మా."

గేటు దాటాక చంద్రిక తల్లి రాజవ్వకు ఫోన్ చేసింది.

"ఎట్లయింది బిడ్డా?"

"అయిందమ్మా. రమ్మన్నరు."

"ఏమన్న తిన్నవా?" అంది రాజవ్వ.

పొద్దున భయంతో ముద్ద దిగలేదన్న సంగతి చంద్రికకు అప్పుడు గుర్తొచ్చింది. లారీలు పోతున్న రోడ్డు దాటి, బండి దగ్గర ఇడ్లీ పెట్టించుకుంది. తిన్నాక ఇంకో ప్లేటు అడిగింది.